కాలేజీకి పంపే ముందు గోడలు చూసి వద్దాం



2021 ఆగస్టు 16న మన రాష్ట్రంలో బడులు తెరుచుకున్నాయి. కాలేజీలు కూడా ఒక్కొక్కటిగా పిల్లలను తరగతి గదుల్లోకి పిలిచాయి. డిగ్రీ మొదటి సంవత్సరం తరగతులు అక్టోబరు 1 నాటికి మొదలు కావాలని యూజీసీ జూలైలోనే చెప్పింది. రోలుగుంట, రావికమతం, మాకవరపాలెం మండలాల నుంచి నర్సీపట్నం, చోడవరం, అనకాపల్లి వెళ్లే బస్సుల్లో సంచీ భుజాన వేసుకున్న పిల్లలు మళ్లీ కనబడ్డారు. ఇది సంతోషించదగిన సంగతి. దేవునికి స్తోత్రం.

అయితే ఈ మధ్య ప్రార్థన కూడికల తరువాత తల్లిదండ్రులు చెబుతున్న మాట వేరుగా ఉంది. "పాస్టరుగారూ, ఎప్పుడు తెరుస్తారా అని ఏడిసినోడు, తెరిసాక ఎల్లనంతన్నాడండి" అన్నాడు ఒక తండ్రి. ఆ మాటలో కోపం కంటే అయోమయమే ఎక్కువ వినిపించింది. పిల్లవాడికి బద్ధకం వచ్చిందని కొందరంటున్నారు. ఫోను పాడుచేసిందని మరికొందరంటున్నారు. రెండిటిలోనూ కొంత నిజం ఉండవచ్చు గానీ అంతటితో సంగతి తేలదు. "ఇష్టం లేదు" అనేది ఒకటి, "సిద్ధంగా లేను" అనేది మరొకటి. చాలామంది యౌవనస్థులు రెండోదాన్ని చెప్పడానికి మాటలు లేక మొదటిది అంటున్నారు.

నెహెమ్యా యెరూషలేము చేరగానే రాళ్లు మోయించలేదు. మూడు రోజులు ఆగాడు. ఆ తరువాత రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, ఏ ద్వారం కాలిపోయింది, గోడ ఎక్కడ పడిపోయింది, ఎక్కడ జంతువు నడవడానికి కూడా దారి లేదు అని తిరిగి చూశాడు. రెండవ అధ్యాయంలో ఆ సంగతి ఉంది. చూసిన తరువాతే లేచి కట్టుదమని ప్రజలను పిలిచాడు. మన పిల్లలను కాలేజీకి పంపే ముందు మనమూ ఆ పని చేయాలి. గోడ ఎక్కడెక్కడ పడిపోయిందో ముందు చూడాలి.

పద్దెనిమిది నెలల్లో జరిగింది ఇది

2020 మార్చి మూడో వారంలో విద్యాసంస్థలు మూతపడ్డాయి. ఆ ఏడాది నవంబరు 2 నుంచి దశలవారీగా తెరిచారు. 2021 ఏప్రిల్ నాటికి రెండో అల వచ్చింది. మే 5 నుంచి మధ్యాహ్నం 12 గంటల తరువాత కర్ఫ్యూ. ఇంటర్ పరీక్షలు మొదట వాయిదా పడ్డాయి, జూన్ 24న రద్దయ్యాయి. జూలై 23న వచ్చిన రెండో సంవత్సరం ఫలితాలను పదో తరగతి మార్కులకు 30 శాతం, ఇంటర్ మొదటి సంవత్సరం మార్కులకు 70 శాతం విలువ ఇచ్చి లెక్కకట్టారు.

దీని అర్థమేమిటో నిదానంగా ఆలోచించండి. 2021 అక్టోబరులో డిగ్రీలో చేరబోయే అమ్మాయి చివరిసారిగా పబ్లిక్ పరీక్ష రాసింది 2020 మార్చిలో. ఇంటర్ రెండో సంవత్సరంలో నాలుగైదు నెలలు మాత్రమే తరగతిలో కూర్చుంది. మూడు గంటలు ఆగకుండా రాయడం, బ్లాక్‌బోర్డు చూసి నోట్సు ఎత్తుకోవడం, అర్థం కానిది నలుగురిలో లేచి అడగడం లాంటి అలవాట్లు తప్పి అప్పటికి ఏడాదిన్నర అయింది. సర్టిఫికెట్ మీద ఉత్తీర్ణురాలు అని ఉంది. అది అబద్ధం కాదు. అయినా తాను నిజంగా ఎంత నేర్చుకున్నదో ఆమెకే తెలియదు. ఆ తెలియకపోవడమే భయంగా మారుతుంది.

చదువు గోడలో గండి

ఆన్‌లైన్ పాఠాలు జరిగాయి కదా అని అడగవచ్చు. జరిగాయి. ఎవరికి జరిగాయన్నదే ప్రశ్న. కరోనాకు ముందు 2017-18లో కేంద్ర ప్రభుత్వం చేసిన జాతీయ నమూనా సర్వే ప్రకారం, దేశంలో పల్లె కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 15 శాతం, కంప్యూటర్ ఉన్నవి సుమారు 4 శాతం. ఆ తరువాత ఫోన్లు పెరిగాయి. అయినా ఇంట్లో ఒకే ఫోను ఉండి, దాన్ని తండ్రి పనికి పట్టుకుపోతే, పాఠం సాయంత్రానికి వాయిదా పడుతుంది. సాయంత్రం ఆ ఫోను కోసం చెల్లెలూ కాచుకుని ఉంటుంది. ఆర్ల పంచాయతీ కొండల మీది పల్లెల్లాంటి చోట్ల రోడ్డే సరిగా లేనప్పుడు సిగ్నల్ సంగతి చెప్పనక్కరలేదు.

ఫోను ఉన్నవారికి కూడా కొన్ని పాఠాలు అందవు. రసాయనశాస్త్రం ల్యాబ్‌లో బ్యూరెట్ నుంచి ఒక్కొక్క చుక్క వదులుతూ రంగు మారే క్షణాన్ని పట్టుకోవడం చేత్తో చేస్తేనే వస్తుంది. పాలిటెక్నిక్‌లో లేత్ మిషను, నర్సింగులో సూది పట్టడం, బీఈడీలో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడం, ఇవేవీ తెర మీద చూసి నేర్చుకునేవి కావు.

దీనికి తోడు మరో మార్పు వచ్చింది. 2021-22 విద్యా సంవత్సరం నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే ఉంటాయని ఉన్నత విద్యామండలి 2021 జూన్‌లో ప్రకటించింది. ఇంటర్ వరకు తెలుగులో చదివి, చివరి ఏడాది సగం పాఠాలు తప్పిపోయిన పిల్లవాడు, ఒకేసారి రెండు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. అతను మొదటి వారం తరగతిలో మౌనంగా కూర్చుంటే తెలివి తక్కువవాడని అనుకోకండి. అతను ఎక్కాల్సిన మెట్టు ఎత్తుగా ఉంది.

ఏం చేయాలి? ముందుగా, తెలియనిది తెలియదని చెప్పుకునే ధైర్యం పిల్లలకు ఇవ్వాలి. కాలేజీ తెరిచేలోపు పాత పుస్తకాలు తీసి, ఏ పాఠాలు అసలు వినలేదో ఒక కాగితం మీద రాసుకోమనండి. అన్నీ ఒకేసారి కాకుండా, రాబోయే సెమిస్టరుకు పునాదిగా పనికొచ్చే నాలుగైదు పాఠాలు ముందు చదవమనండి. రోజూ ఒక గంట కలంతో రాయమనండి. చేతి వేగం తిరిగి రావడానికి వేరే మందు లేదు. ఇంగ్లీషు పదాలు రోజుకు పది చొప్పున, తన సబ్జెక్టువే, తెలుగు అర్థంతో రాసుకుంటే నెలకు మూడు వందలవుతాయి. మొదటి సెమిస్టరు పాఠాలు వినడానికి అది మంచి ఆసరా.

ఆరోగ్యం, టీకా, మనలో తిరుగుతున్న పుకార్లు

2021 జూన్ 21 నుంచి 18 ఏళ్లు నిండిన వారందరికీ కేంద్రం ఉచిత టీకా ఇచ్చింది. డిగ్రీ పిల్లల్లో చాలామంది ఆ వయసు వారే. ఇంటర్ చదివేవారిలో 18 నిండనివారికి అప్పటికి ఇంకా టీకా మొదలు కాలేదు. అందుకే ఇంట్లో పెద్దలు వేయించుకోవడం ఆ పిల్లలకు కూడా రక్షణ.

లెక్క తెలుసుకోండి. 2021లో కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య 84 రోజులు ఉండాలన్నారు. కోవాక్సిన్ అయితే 28 రోజులు చాలన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 10న మొదటి కోవిషీల్డ్ వేసుకున్న విద్యార్థికి రెండోది డిసెంబరు 3న వచ్చేది. రెండో డోసు అయిన రెండు వారాలకు గానీ పూర్తి రక్షణ ఏర్పడదు. అంటే కాలేజీలో మొదటి సెమిస్టరు చాలా భాగం సగం రక్షణతోనే గడిచేది. కనుక టీకా వేసుకున్నా మాస్కు తీయకూడని రోజులవి. ఈ వ్యాధి ఊపిరి ద్వారా, మూసిన గదుల్లో ఎక్కువగా పాకుతుంది. బస్సులో కిటికీ తెరిచి కూర్చోవడం, హాస్టలు గదిలో గాలి ఆడేలా చూసుకోవడం, జ్వరం వస్తే దాచకుండా చెప్పి ఇంటి దగ్గర ఆగిపోవడం ఖర్చు లేని జాగ్రత్తలు.

ఇప్పుడొక కష్టమైన మాట చెప్పాలి. టీకా గురించి సంఘాల్లోనే వాట్సాప్ ద్వారా భయాలు తిరుగుతున్నాయి. టీకాయే ప్రకటన గ్రంథంలోని మృగపు ముద్ర అని, వేయించుకుంటే రక్షణ పోతుందని చెప్పే వీడియోలు కొందరు విశ్వాసులు నమ్ముతున్నారు. ఆ గ్రంథం పదమూడవ అధ్యాయం చదివి చూడండి. అక్కడి ముద్ర ఆరాధనకు సంబంధించినది. ఎవరిని ఆరాధిస్తావు, ఎవరికి లోబడతావు అన్నదే అక్కడి ప్రశ్న. తెలిసి దేవుణ్ణి విడిచి మరొకరికి మోకరించడం వేరు, చేతికి సూది వేయించుకోవడం వేరు. కోవాక్సిన్‌లో ఉండేది చంపేసిన వైరస్. కోవిషీల్డ్‌లో ఉండేది హాని చేయకుండా మార్చిన మరో వైరస్, అది మన శరీరానికి శత్రువు గుర్తును చూపిస్తుంది. చిన్నప్పుడు మన పిల్లలకు పోలియో చుక్కలు వేయించిన తల్లులే ఇప్పుడు భయపడనవసరం లేదు. లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచాడు. వైద్యుడికి సంఘంలో మొదటినుంచీ చోటు ఉంది.

అలాగని టీకా వేయించుకోని విద్యార్థిని పాపిగా చూడటం కూడా తగదు. భయం తీరేలా మాట్లాడాలి. పాస్టరు, సంఘ పెద్దలు తాము ముందు వేయించుకుని, ఒకటి రెండు రోజులు జ్వరం, చెయ్యి నొప్పి ఉంటాయని ఉన్నదున్నట్టు చెబితే, వంద ప్రసంగాల కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

మనసు గోడ

కంటికి కనబడని గోడ ఇది. ఏడాదిన్నర ఇంట్లో ఉన్న పిల్లలకు రాత్రి రెండింటి దాకా మెలకువ, ఉదయం పదింటికి నిద్ర లేవడం అలవాటైంది. ఆరున్నర బస్సు పట్టుకోవాల్సిన రోజున ఒక్కసారిగా లేవమంటే శరీరం మొరాయిస్తుంది. తిట్టి లేపితే వచ్చేది విసుగే. రోజుకు అరగంట చొప్పున ముందుగా పడుకోబెట్టి, ముందుగా లేపి, లేచిన వెంటనే బయట వెలుతురులో పది నిమిషాలు నడిపించండి. రెండు వారాల్లో శరీరం దారికి వస్తుంది.

కొందరికి మనుషుల మధ్యకు వెళ్లడమే బెరుకైంది. కొందరి ఇళ్లలో రెండో అలలో తండ్రి పోయాడు, లేదా తాతయ్య పోయాడు. అంత్యక్రియలకు పది మంది కూడా రాలేని రోజుల్లో పాతిపెట్టిన దుఃఖం ఇంకా లోపలే ఉండిపోయింది. ఆ పిల్లవాడు కాలేజీకి వెళ్లనంటే, తల్లిని ఒంటరిగా వదిలి వెళ్లలేక కావచ్చు. కారణం అడగకుండా నింద వేయకండి.

ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని చావును కోరుకున్నప్పుడు దేవుడు అతణ్ణి గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. ప్రయాణం బహు దూరమని చెప్పి మళ్లీ తినిపించాడు. మాట్లాడటం ఆ తరువాతే. దేవుడే అలా చేసినప్పుడు, మనం ప్రసంగంతో మొదలుపెట్టడం ఎందుకు?

పిల్లలు తిండి మానేసినా, స్నేహితులతో మాట మానేసినా, బతికి ఏం లాభం అన్నా, దాన్ని తేలికగా తీసుకోవద్దు. ప్రార్థించండి, ప్రార్థించి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020లో కిరణ్ అనే ఉచిత సహాయ ఫోనును ప్రారంభించింది. ఇలాంటి సహాయ ఫోను నంబరును ప్రతి సంఘం నోటీసు బోర్డు మీద రాయాలని మా విన్నపం.

డబ్బు, పని, పెండ్లి

చాలామంది కాలేజీకి దూరమయ్యేది ఇక్కడే. మూసిన నెలల్లో మన అబ్బాయిలు చెరకు నరికారు, ఉపాధి హామీ పనికి వెళ్లారు, కొందరు పరవాడ, అచ్యుతాపురం కంపెనీల్లో చేరారు. ఇంటికి నాలుగు డబ్బులు వచ్చాయి. అప్పు కొంత తీరింది. ఇప్పుడు పని మాని చదువుకు వెళ్లమంటే ఆ ఇంటికి నిజంగానే నష్టం. "దేవుడు చూసుకుంటాడు" అని మనం సులువుగా అనేస్తే సరిపోదు. దేవుడు చాలాసార్లు మన చేతుల ద్వారానే చూసుకుంటాడు.

ఉన్న సహాయం ముందు తెలుసుకోండి. 2021లో జగనన్న విద్యా దీవెన కింద అర్హులైన విద్యార్థులకు పూర్తి ఫీజు ప్రభుత్వం ఇచ్చేది. వసతి దీవెన కింద తిండికి, వసతికి ఏడాదికి ఐటీఐ వారికి 10,000, పాలిటెక్నిక్ వారికి 15,000, డిగ్రీ ఆపై వారికి 20,000 రూపాయలు వచ్చేవి. దీనికి 75 శాతం హాజరు కావాల్సి ఉండేది. అంటే కాలేజీకి వెళ్లడం ఆలస్యం చేసేకొద్దీ పాఠంతో పాటు డబ్బు కూడా పోయేది. 2021లో ఫీజు సొమ్ము తల్లుల ఖాతాల్లో పడింది. అమ్మలారా, అది ఇంటి సొమ్ము కాదు, ఫీజు సొమ్ము. వేరే అవసరానికి వాడితే పరీక్షల వేళ హాల్ టికెట్ దగ్గర బిడ్డ తల దించుకోవాల్సి వస్తుంది. ఆదాయ, కుల ధ్రువపత్రాలు గడువు దాటాయేమో గ్రామ సచివాలయంలో ఇప్పుడే అడగండి.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. కాలేజీ మూతపడి ఇంట్లో ఉందని, ఖర్చు తక్కువలో అయిపోతుందని, కరోనా రోజుల్లో కొన్ని పెండ్లిళ్లు తొందరగా కుదిరాయి. పద్దెనిమిది నిండని బిడ్డకు పెండ్లి చేయడం నేరం. అలాంటి పెండ్లికి ప్రార్థన చేసే పాస్టరు కూడా ఆ నేరంలో భాగస్థుడే. 1098 చైల్డ్‌లైన్ నంబరు ఇందుకోసమే ఉంది. పద్దెనిమిది నిండినా, చదువు మధ్యలో ఉన్న అమ్మాయిని అడగకుండా నిర్ణయించడం న్యాయం కాదు. పెండ్లి అయిన అమ్మాయిలు తిరిగి కాలేజీకి రావచ్చు. అత్తవారితో మాట్లాడటానికి సంఘ పెద్దలు వెళ్లడం మంచి పరిచర్య.

ఇంతకు ముందూ తిరిగి వచ్చాం

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలో నిలదొక్కుకుంటున్న రోజుల్లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. వాల్తేరు భవనాలు సైన్యం చేతికి వెళ్లాయి. యుద్ధం ముగిశాక మళ్లీ అదే కొండ మీదికి, అదే సముద్రం పక్కకు తిరిగి వచ్చింది. తరువాతి తరాల్లో మన జిల్లా పల్లెల పిల్లలు వేలమంది అక్కడ చదువుకున్నారు. మూతపడిన చదువు మళ్లీ మొదలవుతుంది. అయితే దాన్ని తిరిగి మొదలుపెట్టేవారు ఉండాలి.

ఎవరి ఇంటి ఎదుట వారు

నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం పేర్ల జాబితాలా కనిపిస్తుంది గనుక మనం దాటేస్తాం. అందులో ఒక మాట పదే పదే వస్తుంది. ఫలానావాడు తన ఇంటికి ఎదురుగా ఉన్న గోడను బాగుచేశాడని. గోడ మొత్తం ఎవరూ ఒక్కరే కట్టలేదు. రోలుగుంటలోనైనా, మరే ఊరిలోనైనా సంఘం చేయగలిగింది కూడా అదే.

సంఘంలో కాలేజీ వయసు పిల్లలెందరు, వారిలో తిరిగి వెళ్లినవారెందరు, ఆగిపోయినవారెందరు అని ఈ ఆదివారమే పేర్లు రాయండి. ఆగినవారి ఇంటికి ఇద్దరేసి వెళ్లండి, ఉపదేశించడానికి కాదు, వినడానికి. మందిరం వారంలో ఆరు రోజులు ఖాళీగా ఉంటుంది. కరెంటు, ఫ్యాను, వీలైతే ఇంటర్నెట్ పెట్టి సాయంత్రం చదువుకునే చోటుగా తెరవండి. సంఘంలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, డిగ్రీ ముగించినవారు వారానికి రెండు గంటలు ఇంగ్లీషు, లెక్కలు చెప్పవచ్చు. స్త్రీల సమాజం ఏడాదికి ఇద్దరు పిల్లల బస్సు పాసు భారం మోయవచ్చు. కోత కానుకలో ఒక భాగం పరీక్ష ఫీజులకు పక్కన పెట్టవచ్చు. ఆ సహాయం పొందే బిడ్డ పేరు మాత్రం మైకులో చదవకండి.

ఆదివారం ఆరాధనలో యౌవనస్థులను ముందుకు పిలిచి ప్రార్థించి పంపడం కూడా మరువకండి. దూరదేశం వెళ్లేవారికి చేస్తాం కదా, నర్సీపట్నం బస్సెక్కే బిడ్డకూ చేయవచ్చు.

యౌవనస్థులారా, మీతో ఒక మాట

అన్నీ సరిగా ఉన్నాక వెళ్దామని కాచుకోకండి. ఎజ్రా కాలంలో చెర నుంచి వచ్చినవారు మందిరపు పునాది వేసినప్పుడు, పాత మందిరాన్ని చూసిన పెద్దలు ఏడ్చారు, అనేకులు సంతోషంతో కేకలు వేశారు. ఏడుపేదో కేకేదో తెలియలేదని మూడవ అధ్యాయం చెబుతోంది. మీ మొదటి రోజు కూడా అలాగే ఉండవచ్చు. భయం, సంతోషం కలిసే ఉంటాయి. ఏడుస్తూనే వాళ్లు పునాది వేశారు.

సగం నేర్చుకున్న పాఠంతో, సగం రక్షణతో, పాత చెప్పులతో బయలుదేరవలసి వచ్చినా బయలుదేరండి. మొదటి వారం అర్థం కాకపోతే అధ్యాపకుణ్ణి అడగండి. రెండో వారం కూడా అర్థం కాకపోతే స్నేహితుణ్ణి అడగండి. మూడో వారం మానేయాలనిపిస్తే, మానేసే ముందు మీ పాస్టరు దగ్గరకు రండి. తలుపు కొట్టడానికి మొహమాటపడకండి.

మీ రాకపోకలయందు ప్రభువు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.